ఆరో పుస్తకం

సాయిదుర్గకి ముప్పై ఆరేళ్ళు. కడియంలో చంద్రరావుగారి నర్సరీలో గులాబీలకి అంట్లు కడుతుంది. ఆమె చెయ్యి పడితే అంటు బతుకుతుందని పక్క నర్సరీల వాళ్ళు కూడా చెప్పుకుంటారు. ఏడో తరగతి సగంలో ఉండగా తండ్రి బడి మాన్పించి కవర్లలో మట్టి నింపే పనిలో పెట్టాడు. ఆ తర్వాత ఆమె పుస్తకం పట్టింది లేదు, చంద్రరావుగారి అమ్మాయి దుర్గాశ్రీ తెచ్చేదాకా.

దుర్గాశ్రీ రాజమండ్రిలో ఇంగ్లీషు మీడియం. తొమ్మిదో తరగతికొచ్చినా తెలుగు కూడబలుక్కునే చదువుతుంది. కాస్త అలవాటవుతుందని మేనమామ ఆరు పుస్తకాల సెట్టు కొనిచ్చాడు. నీలిక అనే పన్నెండేళ్ళ పిల్ల కొండమీది బడిలో చేరి మంత్రవిద్య నేర్చుకునే కథ అది. వేసవి సెలవుల్లో దుర్గాశ్రీ మొదటి పుస్తకం పట్టుకుని, కూలీలు అన్నాలు తినే షేడ్‌నెట్ కిందికి వచ్చింది.

“అక్కా, నీకు తెలుగు చదవడం వచ్చా?”

“వచ్చేదండి పాపగారూ. ఇప్పుడెలా ఉందో చూడాలి.”

మొదటి పేజీలో తడబడింది. పదో పేజీకి గొంతు సర్దుకుంది. నీలికకి బడిలో సొంత బల్ల చూపించి, దానిమీద ఆమె పేరు చెక్కిన చోటికి వచ్చేసరికి సాయిదుర్గ ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“చదవక్కా, ఏమైంది?” అంది దుర్గాశ్రీ.

అప్పట్నుంచి రోజూ అన్నాలయ్యాక చదువే. మిగతా ఆడవాళ్ళూ దగ్గరికి జరిగి వినేవారు. సాయంత్రం సాయిదుర్గ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి, అన్నం ఉడికేలోగా రేపు చదవాల్సింది ముందే చదువుకునేది. “ఈ వయసులో మంత్రాలేంటే నీకు?” అని మొగుడు చిట్టియ్య నవ్వేవాడు. అయిదో పుస్తకం చివర గురువే మోసం చేసి నీలికని బడి బయటికి తోసి తలుపులు మూయించాడు. ఆరో పుస్తకం రేపు తెస్తానంది దుర్గాశ్రీ.

మర్నాడు పుస్తకం రాలేదు. వాళ్ళమ్మ శ్యామలాంబ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

“ఏంటే, పని మానేసి కథలు చెబుతున్నావంట?”

“అన్నాల టైములోనేనండి అమ్మగారూ.”

“ఆ మట్టి చేతులతో పిల్ల పుస్తకాలు ముట్టుకుంటావా? బుద్ధుండక్కర్లేదూ?”

సాయిదుర్గ దుర్గాశ్రీ వైపు చూసింది. ఆ పిల్ల ఫోన్లోంచి తలెత్తలేదు. “నేను చదవమనలేదు మమ్మీ. తనే అడిగింది,” అంది.

బడులు తెరిచాక శ్యామలాంబ ఆ సెట్టుని ఊళ్ళో హైస్కూలుకి ఇచ్చి ఫొటో దిగింది. సాయిదుర్గ చదివిన బడే అది. ఒకరోజు పనికి సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. హెడ్‌మాస్టారు జయపాల్‌గారి గదిలో అద్దాల బీరువాలో ఆరు పుస్తకాలూ వరసగా ఉన్నాయి. ఆరోదానికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అదొక్కటి చదువుకోడానికి ఇమ్మని ఆయన్ని అడిగింది.

“మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా అమ్మా?”

“పిల్లల్లేరండి. నాకేనండి.”

“ఇవి స్టూడెంట్స్‌కమ్మా. నువ్వు ఏ క్లాసు?” అన్నాడు ఆయన సరదాగా.

“ఏడండి,” అనేసింది సాయిదుర్గ.

గదిలో ఉన్న టీచర్లిద్దరూ పగలబడి నవ్వారు. జయపాల్‌గారూ నవ్వారు.

“ఇక్కడే కూర్చుని చదువుకుని ఇచ్చేస్తానండి,” అంది ఆమె.

“కొత్త పుస్తకాలమ్మా. నలిగితే ఇచ్చినవాళ్ళు మమ్మల్నంటారు,” అంటూ ఆయన బీరువా తాళంచెవి సొరుగులో పడేశాడు.

దసరా సెలవుల్లో దుర్గాశ్రీ నర్సరీకి వచ్చినప్పుడు సాయిదుర్గ సిగ్గు చంపుకుని అడిగింది. “పాపగారూ, ఆఖరికి నీలిక ఏమైందండి?”

“ఏ నీలిక?” అంది ఆ పిల్ల. కాసేపటికి గుర్తొచ్చింది. “ఓ, అదా! నేనసలు ఓపెన్ చెయ్యలేదక్కా. బోర్ కొట్టేసింది.”

సాయిదుర్గ ఆ వారంలోనే అక్కడ మానేసి పొట్టిలంకవైపు ఇంకో నర్సరీలో చేరింది. మొదటి రోజే గుమస్తా బుల్లిరాజు పలకరించి, చదువొచ్చినవాళ్ళకి వేరే పనుందన్నాడు. లారీకెక్కే మొక్కలకి పేర్ల చీటీలు చూసి కట్టాలి, ఎండలో కూర్చోనక్కర్లేదు, నీడపట్టు పని.

“నీకు చదువొచ్చా?” అని అడిగాడు.

“రాదండి,” అని, అంట్లు కట్టే కత్తి తీసుకుని గులాబీ మళ్ళవైపు నడిచింది.