గడియ వేసిన తలుపు ముందు పీరు

భయపెట్టే కథ ఏదైనా ఉంటే చెప్పమని అడిగేవాళ్లకు నేను దయ్యం లేని కథలే చెబుతాను. జుట్టు విరబోసుకుని కేకలు పెట్టే దయ్యమంటే నాకు నవ్వొస్తుంది. దేవుడు వీధిలోకి వచ్చి, ఏమీ అనకుండా ఊరికే నిలబడే కథ ఉందే, అది చదివాక పెరట్లోకి పోవాలన్నా కాళ్లాడవు. ఈ పిచ్చి నాకు కమలాపురంలో కాపురానికి వచ్చిన కొత్తలోనే పట్టుకుంది. కడప నుంచి మా అన్న పంపే మాసపత్రికలే దానికి మూలం.

మధ్యాహ్నాలు పక్కింటి దూదేకుల పెద్దమ్మ మా వసారాలో కూర్చుని బొంతలు కుట్టేది. ఆమెకు చదువు రాదు. నేను చదివితే వినేది. ఒకరోజు, "ఇట్లాంటిది నువ్వు విననే లేదు పెద్దమ్మా" అని గొప్పగా ఒక కథ ఎత్తుకున్నాను. పీర్ల పండుగ. పీరును ఇల్లిల్లూ తిప్పుతున్నారు. ఎత్తుకున్నాయన కాళ్ల మీద ప్రతి ఇంటివాళ్లూ నీళ్లు పోస్తున్నారు. ఒక ఇంటి తలుపు మాత్రం గడియ వేసి ఉంది. పీరు అక్కడ ఆగి కదలదు. తప్పెట్లు ఆగిపోతాయి. అంతే, కథ అయిపోతుంది.

తలెత్తి చూస్తే పెద్దమ్మ చేతిలో సూది కదలడం లేదు.

"మల్లా సదువు" అంది.

రెండోసారి విన్నాక చెప్పింది. ఆమెకు ఒక్కతే కూతురు, మూడేళ్లది. పండుగనాడు పిల్ల ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే, తప్పెట్ల మోతకు ఉలిక్కిపడుతుందని తలుపు గడియ వేసుకుందట. నీళ్లు పోయలేదు. మరునాడు పిల్ల పోయింది. పీరుకు కోపమొచ్చే తీసుకుపోయిందని ఇరవై ఏళ్లుగా ఆమె నమ్మకం. ఏ మొహం పెట్టుకుని నీళ్లు పోయాలని ప్రతి పండుగకూ తలుపేసుకుని లోపలే కూర్చుంటుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా సరదా పాడుగాను. "ఇంకెప్పుడూ ఇట్లాంటివి చదవను పెద్దమ్మా" అన్నాను. ఏడుపొచ్చింది.

"అది గాదుమ్మా. ఆ కతలో సామి కోపంతో నిలబడినాడా, ఎదురు సూస్తా నిలబడినాడా?"

"రాసినాయన చెప్పలేదు."

పెద్దమ్మ దారం కొరికి, సూదికి ఎక్కించమని నా చేతికిచ్చింది.

ఆ ఏడు పండుగకు పీరు మా వీధిలోకి వచ్చేసరికి నేను చెంబుతో గడపలో ఉన్నాను. పక్కింటి తలుపు మూసే ఉంది. అలవాటు కొద్దీ వాళ్లు ఆ ఇల్లు దాటిపోతున్నారు. కొత్తకోడలినన్న సంగతి కూడా మరిచి పరుగెత్తాను.

"ఈడ రవ్వంతసేపు నిలబడండప్పా" అన్నాను.

నిలబడ్డారు. తప్పెట్లు ఆగాయి. అచ్చం కథలో మాదిరే ఉంది. ఎంతసేపటికో లోపల గడియ చప్పుడైంది. పెద్దమ్మ నిండు కడవతో బయటికి వచ్చింది. నీళ్లన్నీ పీరును ఎత్తుకున్నాయన కాళ్ల మీద కుమ్మరించి, అక్కడే కూలబడి, ఆ తడి కళ్లకద్దుకుంది.

లేచాక నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు గూడా ఇట్లే నిలబడింటాడుమ్మా. నా బిడ్డను సూసిపోను వచ్చింటాడు. నేనే తలుపు తీయల్యా."