నలభై ఏళ్ల చేతికి పరీక్ష

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. మా ఆయన సర్టిఫికెట్ సంగతి చెబుతాను.

ఆయన కరెంటు పనివాడు. నాంపల్లిలో నలభై ఏళ్లుగా ఆయన వైరు లాగని గల్లీ లేదు. పాత ఇళ్లవాళ్లు తాళాలిచ్చి మరీ బయటికి వెళ్లేవారు. ఆబిడ్స్ వెనక కొత్త ఫ్లాట్లలో దిగినవాళ్లకు మాత్రం ఆయనెవరో తెలియదు. ఒకరోజు ఒక అమ్మాయి తలుపు సందులోంచే, "అంకుల్, సర్టిఫికెట్ ఉందా?" అని అడిగిందట. లేదనగానే తలుపు వేసేసింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం కలిపి, తినకుండా కూర్చున్నాడు.

ఆ సర్టిఫికెట్ లేకున్నా పని చేసుకోవచ్చు, బలవంతమేమీ లేదు. అయినా పరీక్షకు పేరిచ్చాడు. చేసి చూపించే పరీక్ష. నేనూ వెంట వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన బోర్డు విప్పి, కరెంటుందో లేదో చూడటానికి చేతి వెనకవైపు వైరుకు తాకించాడు. పాత పనివాళ్లకు అదే అలవాటు. షాక్ కొడితే చెయ్యి ముడుచుకుని దానంతటదే వెనక్కి వస్తుందని నమ్మకం.

"టెస్టర్ ఏది పెద్దాయనా?" అన్నాడు పరీక్ష పెట్టే సారు.

"గిదే సార్ నా టెస్టర్. నలభై ఏండ్ల సంది గిట్లనే."

"ఇంకో నలభై ఏండ్లు బతకాలని లేదా? ఫెయిలు. వచ్చే నెల మళ్ల రాండ్రి."

దారిలో ఆయన, "గీ వయసుల నాకెందుకే పరీక్షలు" అన్నాడు.

"నీ పని నాకెరుక, గల్లీకెరుక. తలుపెనక ఉన్న పిల్లకెట్ల ఎరుకైతది? గా కాయితమే చెప్పాలె," అన్నాను. "గా చేతికేమన్నయితే నేనేం గావాలె?" అన్నది మాత్రం పైకి అనలేకపోయాను.

ఆ నెలంతా ఆయన స్విచ్చు బోర్డు దగ్గరికి వెళ్తే చాలు, నేను పొయ్యి దగ్గర నుంచే "టెస్టర్!" అని అరిచేదాన్ని. ఒకరోజు హీటర్ రాడ్డు పెట్టిన స్నానం నీళ్లు కాగాయేమో చూడమంటే, బకెట్లో చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"దీనికి గూడ టెస్టరేనా?"

"ఔ మరి! రాడ్డు బంజెయ్యకుండనే చెయ్యి పెడ్తవా?"

ఇద్దరం పగలబడి నవ్వాం.

రెండోసారి ఆయన చెయ్యి ముందు టెస్టర్ మీదికే వెళ్లింది. పాసయ్యాడు. మొన్న బషీర్‌బాగ్‌లో ఒక కొత్త ఇంటివాళ్లు ఆ కాగితం చూసి లోపలికి పిలిచారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. కాగితం వాళ్ల కోసం. నాకైతే, ఆయన చెయ్యి ముందు టెస్టర్ మీదికే వెళ్తుందని తెలిసి, పనికి పంపేటప్పుడు భయం తగ్గింది.

మీ ఇంటి నుంచి పనికి వెళ్లిన ప్రతి మనిషీ క్షేమంగా తిరిగొచ్చి, మీతో కలిసి అన్నం తినాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.