ఇరాసి అక్క రక్తం

బ్రెజిల్‌లో మా మనౌస్ యూనివర్సిటీ మొత్తానికీ రక్తకణాలు లెక్కపెట్టే మిషను ఒక్కటే. డెంగీమీద పరిశోధన చేసేవాళ్లం, మలేరియామీద చేసేవాళ్లం అందరం దానికోసమే కొట్టుకు చస్తాం. పద్నాలుగేళ్లుగా దాన్ని నడిపేది ఇరాసి అక్క. ఆవిడ కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. "శాంపిలు వడకట్టకుండా తెచ్చావో, ట్యూబు నీ నెత్తినే పోస్తా!" అని అరుస్తుంది. రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే మాత్రం కోటు చెయ్యి పైకి లాక్కుని తనే ఇస్తుంది. మా పరిశోధనలన్నిట్లో ఆరోగ్యం అంటే ఆవిడ రక్తమే.

మొన్న మంగళవారం పొద్దున్నుంచీ మరీ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఏసీ పెంచింది, తగ్గించింది. ఇంతలో, పోలికకోసం మిషనులో పెట్టిన తన రక్తంలోని కణాలు తెరమీద చుక్కలుగా, డెంగీ రోగులవి పడే మూలలో పడ్డాయి.

"ట్యూబులు తారుమారు చేశావు కదే!" అని విద్యార్థిని తాసియానీ మీద విరుచుకుపడింది.

"లేదక్కా, నీ పేరు నువ్వే రాశావు, చూడు."

మిషను కడిగి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మూల.

తాసియానీ ఆవిడ నుదుటిమీద చెయ్యేసి ఉలిక్కిపడింది. "ఒళ్లు కాలిపోతోందక్కా! ఇంటికి పో."

ఇరాసి అక్క తన ట్యూబు తీసి రోగుల వరసలో పెట్టింది. మొదటిసారి కుర్చీలో కూలబడింది.

"పోతాలే గానీ, ముందు నీ కోటు చెయ్యి పైకి లాగు."