పక్కింటి తాత ఇచ్చిన సీసం ముక్క

నా చిన్నప్పుడు మా అమ్మ రుబ్బురోలు పొత్రం మూడు రోజుల పాటు కనిపించకుండా పోయింది. కాకినాడ నుంచి కెనడాలోని కిచెనర్ దాకా, బట్టలు తగ్గించుకుని మరీ మోసుకొచ్చిన రాయి అది. అమ్మ ఇల్లంతా వెతికి, చివరికి నాన్నని అనుమానించింది. నేను మాత్రం నోట్లో వేలు పెడితే కొరకలేనిదానిలా కూర్చున్నాను.

దొంగని నేనే. ఆ శనివారం మా పేట పిల్లల బళ్ళ పందెం. ఇంజిన్ ఉండదు, చెక్కలతో ఎవరికి వాళ్ళు చేసుకున్న బండిని వాలు రోడ్డు మీద వదిలితే దొర్లుకుంటూ పోతుంది. బరువున్న బండి జోరుగా పోతుంది. నేనేమో పుల్లలా ఉండేదాన్ని. చాలని బరువుకి సీసం పెట్టుకోవచ్చు కానీ, దాన్ని బోల్టులతో బిగించాలని నియమం. గుండ్రటి పొత్రానికి బోల్టు ఎక్కడ వెయ్యను? పాత చీర ముక్కలో చుట్టి కాళ్ళ దగ్గర దూర్చేశాను. బడిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఒక్కసారి గెలిస్తే పిలుస్తారని నా ఆశ.

చక్రాలు బిగించడంలో సాయం చేసింది పక్కింటి తాత. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన కెనడా మనిషి, ఒంటరివాడు, ఎక్కువ మాట్లాడడు. శుక్రవారం మధ్యాహ్నం బండిలోకి వంగి చూసి, చీర మూటని వేలితో కదిపాడు. అది దొర్లింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రమ్మని వాళ్ళ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళాడు.

అక్కడ దుప్పటి కింద ఒక పాత బండి ఉంది. ముక్కు ఒక పక్కకి నొక్కుకుపోయింది. తన తమ్ముడిదన్నాడు. నా వయసులోనే పెద్ద ఛాంపియన్‌షిప్ దాకా వెళ్ళాడట. పందెం ముగిసే గీత అందరికంటే ముందు దాటాడట.

"అయితే గెలిచాడా?" అన్నాను.

"గెలిచాడు. ఎక్కి కూర్చో. బ్రేక్ తొక్కు."

కూర్చున్నాను. తల ఒక్కటే బయటికి ఉండేలా పైన మూత వేశాడు. కాళ్ళ దగ్గర చీకటి, విపరీతమైన చలి. పెడల్ తొక్కితే సగం దిగి ఆగిపోయింది. కింద ఏదో ఉంది. గట్టిదో మెత్తదో చెప్పలేను. బలమంతా పెట్టినా దిగలేదు. బండి కదల్లేదు, అది నాకు తెలుసు. అయినా ఎదుటి గోడ నా మీదికి వస్తున్నట్టనిపించి కేక పెట్టాను.

తాత మూత తీశాడు. జేబులోంచి ఒక సీసం ముక్క తీసి చూపించాడు. దాని అంచున పెడల్ దిగబడిన గాటు ఉంది. బిగించకుండా వదిలేసిన ఆ ముక్క జారి బ్రేక్ కిందికి వచ్చిందనీ, గీత దాటాక తమ్ముడు బండి ఆపలేకపోయాడనీ, మళ్ళీ ఇంటికి రాలేదనీ చెప్పాడు.

"మరి ఇప్పుడు కింద ఏముంది?"

"ఏమీ లేదు," అన్నాడు. టార్చి వేశాడు. ఉత్త చెక్క. చేత్తో నొక్కితే పెడల్ మెత్తగా కింది దాకా దిగింది. నాకు కాస్త భయం చెప్పాలనే ఆయన కూర్చోబెట్టాడు. కానీ అప్పుడు ఆయన మొహం నాకంటే పాలిపోయింది.

ఆ సాయంత్రమే పొత్రం రోట్లోకి చేరింది. అమ్మ నాన్నకి సారీ అయినా చెప్పలేదు. శనివారం నా తేలిక బండి చివరి నుంచి రెండోది. ఏడుపు ముంచుకొచ్చింది. తాత మాత్రం గీత దగ్గర కాకుండా, గీత దాటాక బళ్ళు ఆగే చోట నిలబడి ఉన్నాడు. నేను బ్రేక్ తొక్కాను, బండి ఆగింది. ఆయన నా పేరు పెట్టి పిలిచాడు. సీసం ముక్క నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అది ఇప్పటికీ మా ఇంట్లో అల్మరా అరకి బోల్టుతో బిగించి ఉంది. కారు స్టార్ట్ చేసే ముందు రెండుసార్లు బ్రేక్ తొక్కి చూడనిదే నేను కదలను. "వై డూ యూ ఆల్వేస్ డూ దట్, అమ్మమ్మా?" అని నా మనవరాలు వెక్కిరిస్తుంది. అలవాటే అని తప్పించుకుంటాను. ఆ మధ్యాహ్నం నా కాలి కింద ఉన్నది సీసం కాదనీ, ఇంకా బ్రేక్ తొక్కుతూనే ఉన్న ఓ చిన్న పాదమనీ పసిదానికి ఎలా చెప్పను?