కనుబొమ దగ్గర మచ్చ

ఆ ఫోటో ల్యాబులో అతన్ని అందరూ ఇస్త్రీ మాస్టారనేవారు. ఇస్త్రీ బట్టలకి కాదు, మొహాలకి. మొటిమలు, ముడతలు, కళ్ళకింద నలుపు, ఏదైనా సరే అతని చేతిలో పడితే నున్నగా అయిపోవలసిందే. పాతికేళ్ళుగా అదే పని. ఓ పెద్దాయన వచ్చి "మరీ పెళ్ళికొడుకుని చెయ్యకయ్యా, మనవడు గుర్తుపట్టడు" అని మొత్తుకున్నా, "మీరు కూర్చోండి సార్, నేనున్నాగా" అని నవ్వుతూ ఇరవై ఏళ్ళు తగ్గించి పంపేవాడు.

మనిషి మంచివాడే, కాదనను. అతనికున్న జబ్బల్లా ఒకటే, ఖాళీగా కూర్చోలేకపోవడం. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పక్క కంప్యూటర్లలోకి తొంగిచూసేవాడు. ఆ ల్యాబులో కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి కలిపి ఉండేవి. కౌంటరు అమ్మాయి ఎక్కించుకున్న ఫోటోలు, చిన్నచిన్న స్టూడియోలవాళ్ళు ప్రింటుకి పంపినవి, ఎవరి ఫోల్డర్లో వాళ్ళవి, పాస్‌వర్డూ గీస్‌వర్డూ ఏమీ లేకుండా బార్లా తెరిచి ఉండేవి. వాటిలో ఏ పెళ్ళికూతురి బుగ్గమీదో మొటిమ కనబడిందా, అతని చెయ్యి ఆగేది కాదు. చకచకా తీసేసి, అదే పేరుతో సేవ్ కొట్టేవాడు. పేరు మారిస్తే ప్రింటు దగ్గర తికమక అవుతుందని అక్కడ అందరికీ అదే అలవాటు. పాతదాని మీద కొత్తది పడిపోతుంది, ఇక పాతది ఉండదు. అతన్ని చెయ్యమన్నవాడు లేడు, చేసినందుకు మెచ్చుకున్నవాడూ లేడు. ఆ ఫోటో పంపిన స్టూడియోవాడికి ఎవరో శభాష్ అంటే ఇతను తన మూల కూర్చుని మురిసిపోయేవాడు.

ఈ సంగతి ఓసారి ఇంట్లో గొప్పగా చెప్పుకుంటే, భార్య చేతిలో పని ఆపి చూసింది.

"వాళ్ళు చెయ్యమన్నారా?"

"అడిగేదేముందే? తెరిచే పెట్టుకున్నారుగా."

"పక్కింటి తలుపు తీసుందని లోపలికెళ్ళి వాళ్ళ సామానంతా సర్దేసి వస్తారా?"

"నేనేమన్నా దొంగతనం చేశానా? బాగుచేశాను."

"బాగుందో లేదో చెప్పాల్సింది వాళ్ళు కదండీ."

"నీకీ కంప్యూటర్ల సంగతి తెలీదులే" అని కొట్టిపారేశాడు. ఏం చెప్తాం! మంచి చేస్తున్నాననుకునే మనిషికి ఎవరు చెప్పినా తలకెక్కదు.

అలాంటి ఓ మధ్యాహ్నమే, కౌంటరు ఫోల్డర్లో ఒక చిన్నపిల్ల ఫోటో కనబడింది. ఏడెనిమిదేళ్ళుంటాయేమో, ఎండకి కళ్ళు చికిలించుకుని నవ్వుతోంది. కనుబొమ దగ్గర మచ్చ. "అయ్యో, బంగారుతల్లి" అనుకున్నాడు. మచ్చ తీశాడు, సేవ్ కొట్టాడు, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఓ నెల గడిచాక ఒకావిడ ఫ్రేము కట్టిన ఆ ఫోటోని చంకలో పెట్టుకుని వచ్చింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, వేళ్ళనిండా సూదిపోట్లు. "ఇది మా పాప కాదమ్మా" అంది కౌంటరు అమ్మాయితో.

"మీదేనండీ. మీ ఫోన్లోంచి నేనే ఎక్కించాను."

"ఫోటో మాదే. గోడకి పెట్టినప్పటినుంచీ ఏదో వెలితిగా ఉంది, ఏమిటో తెలీలేదు. నిన్న తెలిసింది. దానికి కనుబొమ దగ్గర మచ్చుండాలి. నా కుట్టుమిషను అంచు తగిలి చీరుకుపోయింది. నేను కాస్త చూసుకునుంటే తగిలేది కాదు. ఆ మచ్చ పడ్డాక తీసిన ఫోటో ఇదొక్కటే. పిల్లే పోయింది, ఇంక తీసేది లేదు కదమ్మా."

అమ్మాయి గబగబా కంప్యూటరు వైపు తిరిగింది. "ఫోను తెచ్చారా? మళ్ళీ ఎక్కించుకుందాం."

"అప్పటికే ఆ ఫోను కొనఊపిరితో ఉంది. ఇక్కడినుంచి వెళ్ళిన మర్నాడే పోయింది. బాగుచేసే అతను చేతులెత్తేశాడు, అందులోది ఏదీ రాదన్నాడు."

యజమాని లోపల్నుంచి వచ్చి అమ్మాయి మీద అరవడం మొదలెట్టాడు. ఇస్త్రీ మాస్టారు తన మూలనుంచి అంతా విన్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా లేచాడు, ఆ ఒక్కటీ అతని మంచితనం కింద రాసుకుందాం.

"ఆ అమ్మాయి తప్పు లేదండీ. మచ్చ నేనే తీశాను."

"ఎవరు తీయమన్నారు బాబూ?" అంది ఆవిడ. అందులో కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

భార్యకి టకటకా చెప్పిన జవాబుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "ఎవరూ అనలేదమ్మా. తెరిచి ఉంటే..." అని ఆగిపోయాడు.

"పోనీలే. పిల్ల అందంగా ఉండాలనే చేసుంటావు."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. "రేపు రండమ్మా. మీరు పక్కన కూర్చుని చెప్పండి, ఉన్నది ఉన్నట్టు మళ్ళీ పెడతాను" అన్నాడు.

అనేశాడు గానీ, బస్సులో ఇంటికి పోతూ కళ్ళు మూసుకుంటే పిల్ల నవ్వుతూ కనబడింది. కనుబొమ మాత్రం నున్నగా ఉంది. తెర మీద అరచెయ్యంత చేసి చూసిన మచ్చ! నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా? ఎంత తలుచుకున్నా రాలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ కనుబొమలకేసి చూశాడు, వాళ్ళు మొహం తిప్పుకున్నారు. భార్య మొహాన్ని తలుచుకున్నాడు. ఆవిడ గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఏ పక్కన? చెప్పలేకపోయాడు. భయం వేసింది. ఇంటికి చేరగానే చెప్పులు కూడా విప్పకుండా వంటగదిలోకి పోయి ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. "ఏమిటండీ, దయ్యాన్ని చూసినట్టు?" అంది.

మర్నాడు పాప తల్లి చెప్పిన వేళకే వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫోటో పెద్దది చేశాడు.

"ఇక్కడా అమ్మా?"

"ఆఁ... కాస్త కిందికి."

"ఇంత ఉందా?"

"అంత పొడుగు లేదు. ఇంకా లేతగా ఉండేది. ఆగు... ఇటువైపు కాదేమో బాబూ."

చెరిపేసి రెండోవైపు పెట్టాడు. ఆవిడ తన కనుబొమ మీద వేలు పెట్టుకుని చూసుకుంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. తర్వాత పిల్ల ఎదురుగా నిలబడి ఉన్నట్టు చెయ్యి చాపి గాలిలో తడిమింది. ఆ చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"పొద్దున లేస్తే ఇదే ఫోటో, పడుకునేముందు ఇదే ఫోటో. నెలనుంచీ దీన్నే చూస్తున్నా. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఇదే వస్తోంది. మచ్చ ఉండేదని తెలుసు, మచ్చ కనబడట్లేదు" అంది. అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి భోరుమంది.

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, ఆశగా అతనివైపు తిరిగింది.

"ఆ మచ్చని ఆఖరుసారి చూసింది నువ్వే కదా బాబూ. ఇంత పెద్దది చేసుకుని మరీ చూశావు. ఎలా ఉందో నువ్వు చెప్పు."

ఇస్త్రీ మాస్టారు నోరు తెరిచాడు. పాతికేళ్ళలో తీసిపారేసిన మచ్చల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా అతనికి గుర్తు లేదు.