రాహుకాలం పక్కన రాసిన బీపీ

సోమవారం పొద్దున మా కాలనీ వాట్సాప్‌లో, నీళ్ల ట్యాంకరు ఆలస్యమవుతుందన్న కబురు కిందనే నర్సమ్మ పోయిందన్న కబురు వచ్చింది. రెండు రోజుల జ్వరం, మూడో రోజు ఆసుపత్రి, అంతే. మధ్యాహ్నానికల్లా దండం పెట్టే బొమ్మలు బారులు తీరాయి. పెట్టినవాళ్లలో ఒకప్పుడు ఆమెను గేటు దగ్గర ఆపించిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్లను తిడుతూ నాలుగు పేజీలు రాయడం నాకు చేతనైన పనే. కానీ ఆపడానికి వాళ్ల చేతికి కాగితం అందించింది నేను. కాబట్టి ముందు నా సంగతే చెప్పుకోవాలి.

నర్సమ్మ సర్కారు దవాఖానాల్లో ముప్పై ఏళ్లు పనిచేసింది. రిటైరయ్యాక శామీర్‌పేట అవతల, మా కాలనీ గోడ వెనకున్న పాత ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉండేది. తెల్లవారకముందే సంచీలో బీపీ మిషను వేసుకుని బయలుదేరేది. ఎవరూ పిలవలేదు, ఎవరూ జీతమివ్వలేదు. లావుగా ఉన్నవాళ్ల ఇళ్లు ఆమెకు బాగా గుర్తు. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి బీపీ చూసి, అంకె పక్కన గంట కూడా రాసేది. ఎక్కడ రాసేదంటారా? గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు మీద, ఆ తేదీ గడిలోనే, రాహుకాలం పక్కన.

"రాహుకాలం జూడందే అడుగు బయటపెట్టరు. మరి మీ గుండెకో కాలముందంటే నవ్వుతరేంది?" అని ఇంటింటా అడిగేది.

నవ్వినవాళ్లలో మొదటివాణ్ని నేనే. మా ఇంటి గోడ మీద పంచాంగం ఉండకూడదని పెళ్లయిన ఏడాదే తీర్మానించినవాణ్ని. వైద్యం తెలిసిన మనిషి దుర్ముహూర్తాల పక్కన బీపీ రాయడమేమిటని ఒళ్లు మండింది. ఒక చిన్న మాసపత్రికలో 'నర్సు చేతిలో పంచాంగం' అని వ్యాసం రాసిపారేశాను. రోగానికి కారణం పామాయిలు, పని గంటలు, నడవడానికి చోటులేని రోడ్లు అయితే, ఈమె వేళలు లెక్కబెడుతోందని వెక్కిరించాను. రక్తపోటుకు ముహూర్తమా అని కూడా అడిగాను. ఆ వాక్యం రాసినప్పుడు నాకు నేనే భుజం తట్టుకున్నాను.

పదిహేను రోజులకు, పొద్దున పదకొండింటప్పుడు నర్సమ్మ మా ఇంటికొచ్చింది. చేతిలో ఆ పత్రిక ఉంది.

"మంచిగ రాసినవ్ తమ్మీ. భాష మస్తుంది. ఇగ చెయ్యి సాపు."

"అక్కా, నేను రాసింది నీ మీద కాదు, ఆ..."

"అయిదు నిమిషాలు మాట్లాడకు. ఈపు కుర్చీకానిచ్చి, కాళ్లు నేలకు పెట్టి కూసో. మాట్లాడితే బీపీ ఎక్కుతది. నువ్వు మాట్లాడితే ఇంకింత ఎక్కుతది."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది: "అయిదు నిమిషాలా! ఇరవై ఆరేండ్ల కాపురంల నాకు గా భాగ్యం దొర్కలే అక్కా."

బీపీ మామూలుగానే ఉంది. నేను గెలిచినట్టు చూశాను. ఆమె మిషను సర్దుకుంటూ అంది: "గిది పదకొండింటి ముచ్చట. తెల్లారేటప్పుడు ఏమంటదో అడగాలె గద. రేపు అయిదున్నరకు నువ్వే మెయిన్‌రోడ్డు మీద కల్వర్టు కాడికి రా. ఏడు దాటందే నన్ను లోపటికి రానిస్తలేరు."

"ఎవరు?"

"మీ కాలనీ సంఘపోళ్లు. నీ రాత జిరాక్సు దీసి వాచ్‌మన్ రూముల అతికిచ్చిండ్రు. సారే రాసిండు గద అంటున్నరు."

నా మాట పేదల పక్షాన నిలబడుతుందని ఎన్నో సభల్లో చెప్పుకున్నవాణ్ని. అది గోడకు అతికి, డెబ్బై ఏళ్ల మనిషిని గేటు బయట నిలబెట్టింది.

మర్నాడు వెళ్లాను. గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి తిరిగి ఉంది, వాసన గొంతులో పడుతోంది. కల్వర్టు గట్టు మీద పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. మేడ్చల్ వైపు మందుల కంపెనీలో డబ్బాలు ప్యాక్ చేసేవాళ్లు, షిఫ్టు బస్సు కోసం చూస్తూ ఒక్కొక్కరే నర్సమ్మకు చెయ్యి చాపుతున్నారు. చాలామంది లావుగానే ఉన్నారు. లావు అనేది తిని కూర్చునేవాళ్ల జబ్బని మన మధ్యతరగతికి గట్టి నమ్మకం. ఎనిమిది గంటలు నిలబడి, వారానికోసారి రాత్రిని పగలు చేసి, బస్సులో పూరీలు తిని బతికే ఒళ్లు వాళ్ల లెక్కలో లేదు. ఫంక్షన్‌హాల్లో నాయకుడి ఫొటో కింద పదకొండింటికి పెట్టే ఉచిత శిబిరాల లెక్కలోనూ లేదు. ఆ వేళకు వీళ్లు డబ్బాల ముందు ఉంటారు.

నేను ముందుకు జరగబోతే ఒకామె గదిమింది: "లైన్ల రావాలె సారూ!"

నా వంతు వచ్చింది. నూటడెబ్బై దాటింది. మూడు రోజులు అదే వరస. మా ఇంట్లో క్యాలెండరు లేదు కాబట్టి నర్సమ్మ నా వ్యాసం అంచు మీదే అంకెలు, గంటలు రాసింది. మూడోది సరిగ్గా 'రక్తపోటుకు ముహూర్తమా' అన్న వాక్యం పక్కన పడింది. కావాలనే రాసిందా? అడిగే ధైర్యం చాల్లేదు.

ఆ పూటే విడమరచి చెప్పింది. "గుండె నెత్తురు తోడుడే గాదు తమ్మీ, హార్మోను గూడ తయారు జేస్తది. ఉప్పూ నీళ్లూ బయటికి పంపుండ్రి, నరాలు వదులు జేయుండ్రి అని అది ఒంటికి కబురు పంపుతది. ఒక్క రోట్ల ఇద్దరాడోళ్లు దంచుతుంటే సూసినవా? ఒకామె రోకలి లేస్తే ఒకామెది దిగుతది. రోజు మొత్తంల గా హార్మోనూ బీపీ గట్లనే నడుస్తయట. ఒళ్లు బరువైతే హార్మోను తక్కువైతది, లయ తప్పుతది. పండుకున్నప్పుడు దిగాల్సిన బీపీ దిగకపోవచ్చు. పెద్ద డాక్టర్లు ఇంక పరిశీలిస్తున్న ముచ్చట గిది, నాకు సమజైనంత చెప్తున్న. గోలి ఎప్పుడేసుకోవాల్నో డాక్టరే చెప్పాలె. వేళ రాసుడే నా పని."

తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య అంత శుభ్రంగా గీత గీసిన మనిషిని నేను వేదికల మీద చూడలేదు. నాతో సహా.

ఆ వ్యాసం పేజీనే డాక్టరు ముందు పెట్టాను. ఆయన అంచు మాత్రమే చదివాడు, అదృష్టం. రాత్రీ పగలూ బీపీ దానంతటదే కొలిచే పట్టీ ఒక రోజంతా ఉంచుకొమ్మని చేతికి కట్టి పంపించాడు. నేను నిద్రపోయాను గానీ నా బీపీ నిద్రపోలేదని తేలింది. తొంభై ఎనిమిది కిలోల మనిషిని, అప్పటిదాకా అన్ని శిబిరాల్లోనూ మామూలే అనిపించుకున్నవాణ్ని. ఈ రోజు కూర్చుని ఇది రాయగలుగుతున్నానంటే అందులో ఆమె వాటా ఉంది.

సవరణ రాస్తానన్నాను. "రాయకు. మళ్ల ఎవలో ఒకలు గోడకు అతికిస్తరు. గేటు తెరిపియ్యి, సాలు" అంది. రెండు సంఘం మీటింగుల్లో అరిచాను. అరుపుకు గేట్లు తెరుచుకోవు. ఏడాది తరవాత ఆమే నన్ను ఓదార్చింది: "పోనియ్ తమ్మీ. నీ ఎగతాళి పుణ్యాన గీ షిఫ్టోళ్లు దొరికిండ్రు. లేకుంటే నేను మీ సోఫాలల్లనే తిరుగుదును." ఎత్తిపొడుపు కాదు, నిజంగానే సంతోషపడింది. నా తప్పులోంచి కూడా పని పుట్టించుకుంది. మేము సిద్ధాంతమని పిలిచేదాన్ని ఆమె రోజూ సంచీలో వేసుకుని తిరిగింది.

ఆమె వద్దన్న సవరణ ఇదే. ఈసారి ఆమె మాట వినలేదు.

మంగళవారం తెల్లవారుజామున ఇంట్లో ఉన్న నా మిషను తీసుకుని కల్వర్టు దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో స్పష్టంగా చెప్పలేను. ఇంకా ఒక్కతే వచ్చి ఉంది. వారం సెలవు తరవాత పనికి వెళుతోందట, భారీ మనిషి, రవిక చెయ్యి అప్పటికే పైకి మడిచింది. నా చేతిలో మిషను చూసి, "ఇయ్యాల అక్క మిమ్ముల తోలిందా?" అంది. ఆమెకు తెలియదు.

నేను నోరు తెరిచాను. వెంటనే వేలు పెదాల మీద పెట్టుకుంది. "బీపీ అయినంక చెప్పుండ్రి సారూ. ముందుగాల అయిదు నిమిషాలు."

గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. రోడ్డు చివర బస్సు లైట్లు ఇంకా మలుపు తిరగలేదు. ఆమె కళ్లు మూసుకుని, పాదాలు రెండూ నేల మీద ఆనించి, అరచేయి ఆకాశం వైపు తిప్పి ఒళ్లో పెట్టుకుంది.