గద్దొస్తే ముందు టీచరే!

అప్పుడు నేను మచ్చ బొల్లారంలో ఒక బడిలో కొత్తగా చేరిన జీవశాస్త్రం టీచర్ని. నేల రంగులో కలిసిపోయిన పురుగే పక్షికి చిక్కకుండా బతికి పిల్లల్ని కంటుందనే ప్రకృతి వరణం పాఠాన్ని ఆటగా నేర్పి, తనిఖీకొచ్చే అధికారి చేత శభాష్ అనిపించుకోవాలని నా ఉబలాటం. ఆకుపచ్చ, ఇటుకరంగు ఉన్ని ముక్కలు పురుగులు, కంటబడినవాటిని ఏరుకునే పిల్లలు పక్షులు. ముందురోజు తూంకుంటలో మా ఇంటి గడ్డిలో మా పిల్లలతో ఆడించి చూస్తే ఆకుపచ్చవే మిగిలాయి. ఆ ధీమాతో 'ఆకుపచ్చదే గెలుపు' అని బోర్డు మీద ముందే రాసేసి, అందరినీ మైదానంలోకి తీసుకెళ్లి ఈల ఊదాను.

పిల్లలు గుప్పిళ్లు విప్పితే దాదాపు అన్నీ ఆకుపచ్చవే!

"ఏందమ్మా, బోర్డు మీద ఒకటుంది, పిల్లల చేతుల్ల ఇంకోటుంది?" అన్నారు అధికారి.

మా తరగతి స్రవంతి ఆదుకుంది. "ఈడ గడ్డి లేదు గద సార్, అంత ఎర్రమట్టే. గందుకే ఎర్రయి బతికినయి."

అక్కడితో ఆగితే బాగుండేది.

"మా టీచర్ గూడ పచ్చ చీర కట్టుకున్నరు సార్. గేటు కాడ్నుంచే కనవడ్తున్నరు. గద్దొస్తే ముందుగాల టీచర్నే ఎత్తుకపోతది!"

ఇప్పుడు ఆ పాఠం ఉన్న రోజున ముందు నేలను తలచుకుని, ఆ తర్వాతే బీరువా తెరుస్తాను.